బాకీ దావాలో కంపెనీ దాఖలాలను సాక్ష్యంగా వాడుకోవడం

ఆదోని నుంచి మిల్లులకు పత్తి పంపే వ్యాపారులు బాకీ వసూలు కోసం వకీలు దగ్గరకు వచ్చినప్పుడు సాధారణంగా బిల్లులు, కాటా చీటీలు, చెల్లని చెక్కు తెస్తారు. బాకీదారు కంపెనీ అయితే, అది ఏటా ప్రభుత్వానికి స్వయంగా రాసిచ్చే పత్రాలు కూడా ఆ దావాలో గట్టి ఆధారం కాగలవు.

మొదట బిల్లు మీది పేరు కంపెనీదో, భాగస్వామ్య సంస్థదో తేల్చుకోవాలి. భాగస్వామ్య సంస్థల వివరాలు ఫర్మ్‌ల రిజిస్టరులో ఉంటాయి కాబట్టి వాటి దారి వేరు. కంపెనీ అయితే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో పేరు వెతికితే 21 అక్షరాంకెల గుర్తింపు సంఖ్య, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా ఉచితంగా కనిపిస్తాయి; 100 రూపాయల రుసుముతో దాఖలైన పత్రాలను తెరిచి చూడవచ్చు. బ్యాలెన్స్ షీటు ఏఓసీ-4 అనే ఫారంతోను, డైరెక్టర్ల మార్పులు డీఐఆర్-12 ఫారంలోను, ఆస్తుల మీది తాకట్టు వివరాలు సీహెచ్‌జీ-1 ఫారంలోను ఉంటాయి.

ఇలా చూసి తీసుకున్న ప్రింటునే కోర్టులో పెట్టడం తరచు జరిగే పొరపాటు, ఎదుటి పక్షం మొదట అభ్యంతరం చెప్పేదీ దానికే. 2013 కంపెనీల చట్టం 399వ సెక్షన్ ప్రకారం, ఈ పత్రాలు దాఖలయ్యే కంపెనీల రిజిస్ట్రారు ధ్రువీకరించిన నకలు అన్ని న్యాయ విచారణలలోనూ అసలు పత్రంతో సమానంగా చెల్లుతుంది. అందుకు పోర్టల్‌లోనే దరఖాస్తు చేసి, పేజీకి 25 రూపాయల చొప్పున రుసుము, స్టాంపు సుంకం చెల్లించాలి. మిల్లు ఆదోనిలోనే ఉన్నా రిజిస్టర్డ్ ఆఫీసు బెంగళూరులో ఉంటే ఆ కంపెనీ కర్ణాటక రిజిస్ట్రారు పరిధిలోకి వస్తుంది. ఆంధ్రప్రదేశ్ కంపెనీలకు కార్యాలయం విజయవాడలో ఉంది. రిజిస్ట్రారు దగ్గరి పత్రాలను సమను ద్వారా రప్పించాలంటే కోర్టు ప్రత్యేకంగా అనుమతించాలి కనుక, ధ్రువీకృత నకలు తెచ్చుకోవడమే సులువు.

నకలు సాక్ష్యంగా స్వీకరణ పొందినంత మాత్రాన అందులోని ప్రతి అంకె నిజమని రుజువైనట్లు కాదు. కంపెనీ ఆ మాట రాసిచ్చిందన్నది మాత్రం స్థిరపడుతుంది. తన మీద అప్పు ఉందని తానే రాసుకున్నప్పుడు ఆ మాట కంపెనీకి వ్యతిరేకంగా నిలుస్తుంది. కాలపరిమితి విషయంలో దీని విలువ మరీ ఎక్కువ. బ్యాలెన్స్ షీటులోని పద్దు 1963 లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ కింద అప్పును ఒప్పుకున్నట్లు కాగలదని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో చెప్పింది. ఉదాహరణకు, గడువు ఒప్పందమేదీ లేకుండా 2022 నవంబరులో సరుకు అప్పగిస్తే దావాకు మూడేళ్ల గడువు 2025 నవంబరుతో తీరుతుంది. ఆ బాకీని ఒప్పుకునే బ్యాలెన్స్ షీటు మీద 2024 సెప్టెంబరులో సంతకాలు పడి ఉంటే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు లెక్కించాలి. అయితే సంతకం పాత గడువు తీరకముందే పడి ఉండాలి, పద్దు కింది నోట్సులో బాకీని వివాదాస్పదమనో, షరతులతోనో రాశారా అన్నది చదవాలి. పైగా సరుకు బాకీలన్నీ సాధారణంగా ఒకే మొత్తంగా చూపిస్తారు. ఆ మొత్తంలో మన బాకీ కలిసి ఉందని చూపడానికి మనకు ఇంత బాకీ ఉందని కంపెనీ రాసిచ్చిన ఖాతా నిల్వ ధ్రువీకరణ లేఖ జత చేయాలి, లేదా కంపెనీ లెడ్జరును హాజరుపరచమని కోర్టును కోరాలి.

చెక్కు కేసులో డైరెక్టర్లను చేర్చేముందు డీఐఆర్-12లు తప్పక చూడండి. చెక్కు తేదీకి ముందే రాజీనామా చేసిన వ్యక్తిని ఇరికించడం అన్యాయం. 2011లో సుప్రీంకోర్టు అటువంటి పత్రాన్నే ఆధారం చేసుకుని ఒక మాజీ డైరెక్టరు మీది కేసును కొట్టివేసింది.

నకళ్లు వచ్చేదాకా గడువుంటే ఆగి, వాటిని దావా అర్జీతో పాటే, పత్రాల జాబితాలో చేర్చి దాఖలు చేయాలి. తర్వాత పెట్టాలంటే కోర్టు అనుమతి అవసరమవుతుంది.