చెన్నైలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ: పెద్ద విశ్వవిద్యాలయంలో నెగ్గుకురావడం ఎలా?

నెల్లూరులోనో చిత్తూరులోనో బీఎస్సీ ముగించి చెన్నైకి వచ్చిన వారికి మొదటి వారంలోనే ఒక సంగతి తెలిసివస్తుంది. ఇంటర్మీడియట్ రోజుల్లోలాగా ఇక్కడ వెంటపడి చదివించేవారు ఉండరు. హాజరు వేసుకుంటారు, పాఠం చెబుతారు, వెళ్లిపోతారు. అర్థమైందో లేదో చూసుకోవలసింది మీరే. కొందరికి ఇది స్వేచ్ఛ. నాకు మాత్రం మొదటి సెమిస్టరంతా భయమే.

ముందుగా మీ సీటు ఎక్కడో సరిగ్గా తెలుసుకోండి. మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో ఏర్పడింది. సెనేట్ హౌస్ ఉన్నది మెరీనా ఎదురుగా చేపాక్‌లో, రసాయన శాస్త్ర విభాగాలు ఉన్నది గిండీ ప్రాంగణంలో. చేపాక్ చిరునామా చూసి అక్కడికి దగ్గరలో గది తీసుకుని, ఆ తరువాత రోజూ బస్సుల్లో నలిగిపోయేవారు ఉంటారు. సీటు స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలలో వస్తే సిలబస్, ప్రశ్నపత్రాలు ఆ కళాశాలవే. అందుకే పాత ప్రశ్నపత్రాలు సేకరించే ముందు అవి ఎవరివో చూడండి.

రెండో పని, మాటల పట్టిక. తెలుగు మాధ్యమంలో చదివినవారు ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని అవక్షేపం అంటే ప్రెసిపిటేట్, క్షయకరణం అంటే రిడక్షన్, ఉత్ప్రేరకం అంటే కేటలిస్ట్ అని రాసుకుంటూ పోతే నెల రోజుల్లో దారిలో పడతారు. సిగ్గుపడవలసిన పని కాదు, తమిళ మాధ్యమం నుంచి వచ్చిన తోటివారూ ఇదే చేస్తుంటారు. వారితో కలిసి చదివేటప్పుడు మాత్రం ఒక తిరకాసు ఉంది. తమిళ పాఠ్యపుస్తకంలో ‘అణు’ అంటే ఆటమ్. మన పుస్తకంలో అణువు అంటే మాలిక్యూల్, ఆటమ్‌ను పరమాణువు అంటాం. ఇది తెలియక నేనూ నా గదిలోని మిత్రుడూ ఒక సాయంత్రమంతా వాదించుకున్నాం. ఇద్దరం చెప్పిందీ నిజమే.

ఇక అసలు విషయం ప్రయోగశాల. కెమిస్ట్రీని పుస్తకంలో చదివి ప్రయోగశాలలో సరిచూసుకోవాలని చాలామంది అనుకుంటారు. నా అనుభవం దానికి తలకిందులు. ప్రశ్న బల్ల దగ్గర పుట్టాలి, జవాబు కోసం పుస్తకం తెరవాలి.

మొదటి నెలలో లీటరు ద్రావణానికి 4 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ తూచమన్నారు. గుళికలు వాచ్ గ్లాసులో పెట్టి ఒక్కొక్కటే తీస్తూ, వేస్తూ ఉంటే అవి చెమర్చాయి, త్రాసు మీద అంకె పెరుగుతూనే ఉంది. త్రాసు పాడైందని ఫిర్యాదు చేశాను. ల్యాబ్ అటెండరు అణ్ణా నవ్వి, ‘త్రాసు బాగానే ఉంది తంబీ, ఊరు సముద్రం పక్కన ఉంది’ అన్నాడు. ఆ గుళికలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి, కార్బన్ డయాక్సైడ్‌నూ పట్టుకుంటాయి. అందుకే దాన్ని చకచకా సుమారుగా తూచి కరిగించి, ఆ తరువాత ఆక్సాలిక్ ఆమ్లంతో అంశమాపనం (టైట్రేషన్) చేసి అసలు గాఢత కట్టాలి. లీటరుకు 6.3 గ్రాముల స్ఫటిక ఆక్సాలిక్ ఆమ్లం వేస్తే 0.1 నార్మల్ గాఢత వస్తుంది. ‘ప్రైమరీ స్టాండర్డ్’ (తూచిన బరువునే నమ్మి గాఢత కట్టగల పదార్థం) అనే మాటను బీఎస్సీలో మూడేళ్లు బట్టీపట్టాను, అది అర్థమైంది మాత్రం ఆ రోజే.

పర్మాంగనేట్ ప్రయోగమప్పుడూ ఇలాగే గమనించండి. ఆక్సాలిక్ ఆమ్లంలో సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి 60 డిగ్రీల దాకా వేడిచేశాక కూడా మొదటి చుక్కల గులాబీ రంగు పోవడానికి కొంత సమయం పడుతుంది, ఆ తరువాతి చుక్కలు ఇట్టే మాయమవుతాయి. ఏర్పడిన మాంగనీస్ అయాన్లే చర్యను వేగవంతం చేస్తాయి. చర్యావేగాల పాఠంలో స్వయం ఉత్ప్రేరణ వచ్చినప్పుడు మీకు గుర్తురావలసింది ఆ ఫ్లాస్కు. బ్యూరెట్‌లో ఉన్నది ముదురు రంగు ద్రావణం కాబట్టి పై అంచు చూసి రీడింగు తీసుకోవాలి, రంగులేని వాటికైతే కింది వంపు.

రీడింగులు నేరుగా అబ్జర్వేషన్ నోటులో, పెన్నుతో రాయండి. చిత్తుకాగితం మీద రాసి తరువాత ఎక్కించవద్దు. తప్పు వస్తే ఒక గీత కొట్టి పక్కన కారణం రాయండి. పక్కవాడి విలువ చూసి రీడింగులు వండేవారు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. మార్కులూ వస్తాయి, కాదనను. కానీ వైవాలో ‘ఈ విలువ ఎలా వచ్చింది’ అని అడిగితే వారి దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు.

మే నెలలో మరో జాగ్రత్త. డైఇథైల్ ఈథర్ మరిగేది 34.6 డిగ్రీల దగ్గర, అంటే చెన్నై మధ్యాహ్నానికి సీసాలోనే మరగగలదు. మూత తీసే ముందు సీసాను చల్లబరచండి, దరిదాపుల్లో మంట ఉండకూడదు.

ఆర్గానిక్ మెకానిజమ్‌లకు ఒకటే మందు: పుస్తకం మూసి, ఎలక్ట్రాన్ల బాణాలు చేత్తో గీయాలి. రోజుకు రెండు చాలు. ఇరవై చదవడం కన్నా రెండు గీయడం మేలు.

పుస్తకాలు కొనడానికి తొందరపడవద్దు. కోట్టూర్‌పురంలో 2010లో తెరిచిన అన్నా శతజయంతి గ్రంథాలయం గిండీకి దూరమేమీ కాదు. చల్లగా ఉంటుంది, హాస్టల్ గదిలో ఫ్యాను కింద చెమటలు కక్కేవారికి అదీ ఒక కారణమే. ప్రాజెక్టు సమయం వచ్చేసరికి మీ గైడుతో మాట్లాడి, చుట్టుపక్కల పరిశోధన సంస్థలకు ముందుగానే లేఖ రాయించండి. మన యలవర్తి నాయుడమ్మ డైరెక్టరుగా పనిచేసిన కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఉన్నది అడయారులోనే.

వీలున్నప్పుడు, అధ్యాపకుల అనుమతితో, ఒక ప్రయోగం మీ కోసం చేసుకోండి. హాస్టల్ బోరు నీళ్లు ఒక సీసాలో పట్టుకెళ్లి ఈడీటీఏ అనే రసాయనంతో కాఠిన్యం (కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదు) కొలవండి. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా. ఎరియోక్రోమ్ బ్లాక్ టీ అనే సూచిక ద్రాక్షారసపు ఎరుపు నుంచి నీలానికి మారాలి. మారకుండా మధ్యలో వంకాయ రంగు దగ్గర నసుగుతూ ఉంటే నీళ్లను తిట్టుకోకుండా ముందు బఫర్ (పీహెచ్‌ను నిలిపి ఉంచే ద్రావణం) సీసా చూడండి. ఎవరో మూత సరిగా పెట్టక అమోనియా ఎగిరిపోయి, పీహెచ్ 10 నుంచి దిగిపోయి ఉండవచ్చు.