హోమోసిస్టీన్ పెరిగితే ముందు బి12, తర్వాతే ఫోలిక్ యాసిడ్

హోమోసిస్టీన్ అంటే రక్తంలో ఉండే ఒక అమైనో ఆమ్లం. బి12 గానీ, ఫోలేట్ (మాత్ర రూపంలో ఫోలిక్ యాసిడ్) గానీ చాలకపోతే ఇది పెరుగుతుంది. రిపోర్టులో అది లీటరుకు 15 మైక్రోమోల్స్ దాటిందని చూడగానే ఫోలిక్ యాసిడ్ కొనేయకండి. ముందు ఆ అంకె నిజమో కాదో తేలాలి. తీసిన రక్తం ట్యూబులో అలాగే ఉంటే ఎర్రకణాలు హోమోసిస్టీన్‌ను వదులుతూనే ఉంటాయి. గంటకు దాదాపు 10 శాతం పెరుగుతుంది. ఇంటికొచ్చి శాంపిల్ తీసుకుని, మరో నాలుగిళ్లు తిరిగి ల్యాబుకు చేర్చే చోట జరిగేదిదే. పరగడుపున ల్యాబుకే వెళ్లండి. ట్యూబు ఐసులో పెట్టి, గంటలోపు ప్లాస్మా వేరు చేస్తారా అని అడగండి.

అదే రోజు బి12, ఫోలేట్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) కూడా చేయించండి. కిడ్నీ మందగించినా, థైరాయిడ్ తగ్గినా హోమోసిస్టీన్ పెరుగుతుంది. బి12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపుంటే లోపమే. 200-300 మధ్య ఉండి హోమోసిస్టీన్ కూడా ఎక్కువుంటే లోపాన్ని గట్టిగా అనుమానించాలి. శాకాహారులు, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ (షుగరు మాత్ర) లేదా గ్యాస్ మాత్రలు వాడేవాళ్లు ముఖ్యంగా చూసుకోవాలి.

బి12 తక్కువున్నప్పుడు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకుంటే రక్తహీనత తగ్గి రిపోర్టు బాగా కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. అందుకే ముందు బి12. ఇంజెక్షనా, రోజుకు 1000 మైక్రోగ్రాముల మాత్రా అన్నది డాక్టరు చెప్తారు. మందుల షాపులో మామూలుగా ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర 5 మిల్లీగ్రాములు. సలహా లేకుండా పెద్దవాళ్లు రోజుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. బి6 ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి. చిత్రమేమిటంటే, బి12 లోపానికీ అదే లక్షణం.

వంటింట్లో: తోటకూర ఉడికించి నీళ్లు వార్చేస్తే ఫోలేట్ చాలావరకు వాటితోనే పోతుంది. పప్పులోనో పులుసులోనో వేయండి. ఆకుకూరల్లో బి12 ఉండదు. గుడ్డులో అర మైక్రోగ్రాము, గ్లాసు పాలలో ఒకటికి కాస్త పైన ఉంటుంది. స్పిరులినాను నమ్ముకోవద్దు, అందులో ఎక్కువభాగం ఒంటికి పనికిరాని నకిలీ బి12.

ఇక ఫోలేట్ లోపంతో ముడిపెట్టే మరో చోటు, గర్భాశయ ముఖద్వారం. అక్కడ క్యాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ అనే వైరస్. ఫోలేట్ చాలకపోతే డీఎన్ఏలో థైమిన్ అనే భాగం ఉండాల్సిన చోట యురాసిల్ అనే మరోటి చేరి, డీఎన్ఏ పోగులు తెగుతాయి. వైరస్ చొరబడటానికి అది దారి కావచ్చని పరిశోధకుల అంచనా. కానీ ఇప్పటికే కణాల్లో మార్పులొచ్చిన స్త్రీలకు 1990ల్లో రోజుకు 10 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ 6 నెలలిచ్చి చూస్తే, ఉత్తుత్తి మాత్రకన్నా మేలేమీ కనబడలేదు. మాత్రలు మొదలుపెట్టామని కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని భూతద్దంతో చూసే పరీక్ష) వాయిదా వేయొద్దు. ఏ మార్పులూ లేనివాళ్లకు 30 దాటాక హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్ష 5-10 ఏళ్లకోసారి చాలు. బి12, ఫోలేట్ లోపంలో ముఖద్వారం కణాల కేంద్రకాలు ఉబ్బి, పాప్ స్మియర్‌లో (ముఖద్వారం కణాలు తీసి చూసే పరీక్షలో) అనుమానంగా కనిపించొచ్చు. కాబట్టి లోపమున్న సంగతి పరీక్ష ఫారం మీద రాయించండి.

8-12 వారాలకు అదే ల్యాబులో, అదే పద్ధతిలో హోమోసిస్టీన్ మళ్లీ చూపించండి. అంకె దిగకపోతే మోతాదు పెంచేముందు, పేగులు బి12ను పీల్చుకుంటున్నాయా అని డాక్టరును అడగండి.