అడయారు బురదలో పీత ఫొటో తీయాలంటే

చెన్నైలో ఫిడ్లర్ పీతల (మగదానికి ఒక డెక్క బాగా పెద్దగా ఉండే చిన్న బురద పీతలు) కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. అడయారు సముద్రంలో కలిసే మొగ దగ్గర, విరిగిన వంతెన పక్కన బురద మేట చాలు. 1967లో కట్టి 1977లో కొట్టుకుపోయిన ఆ వంతెన మాత్రం ఎక్కకండి. పైనుంచి పీత చుక్కంత కూడా కనపడదు.

ముందు ఆటుపోట్ల పట్టిక చూసుకోండి. నీళ్లు బాగా తీసే వేళకి గంటన్నర ముందే చేరాలి. ఆ వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఈ ఆదివారం ఉదయం ఆరింటికైతే పై ఆదివారం దాదాపు మిట్టమధ్యాహ్నం. మొగకి ఇసుక అడ్డుపడ్డ రోజుల్లో పట్టికని నమ్మొద్దు, గట్టు మీద తడి గీత చూడండి.

ట్రైపాడ్ కాళ్లు బురదలో దిగిపోతాయి. కిలో బియ్యం ప్లాస్టిక్ కవర్లో కట్టి గుడ్డసంచిలో పెట్టి, దాన్ని పాత స్టీలు పళ్లెంలో ఉంచి పైన లెన్స్ ఆనించండి. కవర్ లేకపోతే బియ్యం నాని కంపు కొడుతుంది. చిన్నవాటిని బాగా దగ్గర్నుంచి తీసే మాక్రో లెన్స్‌తో అంత దగ్గరికి పోతే పీత ఉండదు. 300 మి.మీ. పైబడి, మీటరున్నర లోపు ఫోకస్ అయ్యే లెన్స్ మేలు.

కలుగుకి రెండు మీటర్ల దూరంలో పట్టా పరిచి బోర్లా పడుకోండి. ఎండ సరిగ్గా వీపు వెనకుంటే పొద్దున మీ నీడ పోయి కలుగు మీదే పడుతుంది. భుజం వైపు నుంచి రానివ్వండి.

ఇక కదలొద్దు. పావుగంటలో అగ్గిపుల్లల్లాంటి రెండు కళ్లు పైకొస్తాయి. అప్పుడే బటన్ నొక్కారా, మళ్లీ లోపలికే. కెమెరా ముందునుంచే కంటికి ఆనించి ఉండాలి. పీత పూర్తిగా బయటికొచ్చి, చిన్న డెక్కతో బురద నోట్లో పెట్టుకోవడం మొదలెట్టాక తీయండి. పెద్ద డెక్క ఊపేది మగదే. ఆ ఊపుకి షటర్ 1/1600 సెకను, అపెర్చర్ ఎఫ్/8, ఆటో ఐఎస్ఓ పెట్టండి. నల్లటి బురద చూసి కెమెరా వెలుతురు పెంచేసి లేత డెక్కని తెల్లగా మాడ్చేస్తుంది, కాబట్టి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ −0.7కి తగ్గించండి. చాలామంది చెడగొట్టుకునేది సెట్టింగుల్లో కాదు. పది నిమిషాలకే విసుగొచ్చి ఇంకో కలుగు దగ్గరికి పాకుతారు, చుట్టుపక్కల పీతలన్నీ దాక్కుంటాయి.

ఆ నీళ్లలో మురుగు కలుస్తుంది. చేతికి గాయముంటే వెళ్లొద్దు, వచ్చాక సబ్బుతో కడుక్కోండి. అడుగేసే ముందు కర్రతో గుచ్చి చూడండి, మోకాలి లోతు దిగితే వెనక్కి రండి.

పీతలు బురద ముద్దలతో కలుగులు మూసుకుంటున్నాయంటే పోటు దగ్గరపడ్డట్టే. పళ్లెం సర్దుకోండి.