విదేశాల్లో ఉంటూ తిరుపతిలో ఇంటికి ఇంటర్నెట్, ఫోన్ కనెక్షన్ ఎంచుకోవడం ఎలా?

తిరుపతి, చిత్తూరు వైపు ఇప్పుడు చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి. అమ్మానాన్నలు కొర్లగుంటలోనో గ్రీమ్స్‌పేటలోనో ఉంటారు, పిల్లలు డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉంటారు. నెట్ వాడేది ఇక్కడ, డబ్బు కట్టేది అక్కడి నుంచి. ఏ కంపెనీ మంచిదని నలుగురిని అడిగితే నాలుగు పేర్లు చెప్తారు. ఎవరూ అబద్ధం చెప్పరు. కంపెనీ ఒకటే అయినా వీధి మారితే లైను తీరు మారుతుంది, ఆ లైను చూసుకునే మనిషీ మారతాడు. అందుకే ప్రకటనల్లోని స్పీడు కాసేపు పక్కన పెట్టండి. మీ వీధిలో ఏ లైను నిలకడగా ఉంటోంది, చెడితే బాగుచేయడానికి ఎవరొస్తున్నారు అన్నదే అసలు ప్రశ్న.

కింద చెప్పిన పనుల్లో సగం మీరు ఊళ్లో ఉండగానే చేయాల్సినవి. సెలవులకు వచ్చినప్పుడు దర్శనం, పెళ్లిళ్లు, చుట్టాల ఇళ్లు పోను రెండు పూటలు దీనికి ఉంచుకోండి.

1. ముందు మీ ఇండియా నంబరు సంగతి తేల్చండి

బ్యాంకు, ఆధార్, ఆదాయపు పన్ను పోర్టల్, డిజీలాకర్ అన్నీ ఆ పాత నంబరుకే ఓటీపీ పంపుతాయి. రీఛార్జ్ గడువు దాటితే మొదట మనం చేసే కాల్స్, కొన్నాళ్లకు మనకు వచ్చే కాల్స్, ఎస్సెమ్మెస్‌లు ఆగిపోతాయి. ఆ తర్వాత నంబరే చేజారిపోతుంది. అలా రద్దయిన నంబరును 90 రోజులు దాటాక కంపెనీ ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. అప్పుడు మీ బ్యాంకు ఓటీపీలు ముక్కూ మొహం తెలియని మనిషికి పోతాయి.

బయల్దేరే ముందే అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేయించుకోండి. అక్కడ దిగాక చూద్దాంలే అనుకుంటే, యాప్‌లోకి వెళ్లడానికే ఓటీపీ అడుగుతుంది, ఆ ఓటీపీ మీకు రాదు. రోమింగ్‌లో ఎస్సెమ్మెస్ అందుకోవడానికి సాధారణంగా చార్జీ ఉండదు, కాల్ ఎత్తితే మాత్రం పడుతుంది. ఆ సిమ్‌కు డేటా రోమింగ్ ఆపేయండి.

ప్లాన్ విషయానికొస్తే, డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు కూడా కంపెనీలు ఇవ్వాలని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన తెచ్చింది. వాటి గడువు 365 రోజుల దాకా ఉండొచ్చు. ఇవి యాప్ తెరవగానే ఎదురుగా కనిపించవు, కింద దాకా వెతకాలి. ఓటీపీ కోసం నంబరు బతికించుకునేవాళ్లకు ఇది చాలు. ఎక్కడో అమెరికాలో కూర్చుని ఇండియా సిమ్‌లో రోజుకు ఒకటిన్నర జీబీకి డబ్బు కట్టడం శుద్ధ దండగ.

మామూలు సిమ్మా, కార్డు లేకుండా ఫోన్లోనే ఉండే ఈ-సిమ్మా? ఇండియా నంబరు మామూలు సిమ్‌లో, విదేశీ నంబరు ఈ-సిమ్‌లో ఉంచుకోవడం నా లెక్కన మేలు. ఫోన్ మార్చినా, పగిలినా సిమ్ తీసి ఇంకో ఫోన్లో వేసుకోవచ్చు. అయితే ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లలో సిమ్ పెట్టే అరే ఉండదు. అక్కడ అలాంటి ఫోన్ కొనే ఆలోచన ఉంటే, తిరుపతిలో ఉండగానే నంబరును ఈ-సిమ్‌లోకి మార్పించుకోండి. సిమ్ మార్చిన తర్వాత 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు పనిచేయవు కాబట్టి విమానం ఎక్కే రోజు ఈ పని పెట్టుకోవద్దు.

కొందరు సిమ్‌ను నాన్న ఫోన్లో వేసి వెళ్తారు. వద్దు. అర్ధరాత్రి లేపి ఓటీపీ చదివించుకోవడం ఒక ఇబ్బంది. ఫోన్లో వచ్చిన అంకెలు ఎవరికైనా చదివి చెప్పడం మామూలే అని పెద్దవాళ్లకు అలవాటు చేయడం అంతకంటే పెద్ద ప్రమాదం. మోసగాళ్లు అడిగేదీ అదే కదా.

యూపీఐ కోసమే ఇండియా నంబరు ఉంచుకుంటున్నారా? అమెరికా, కెనడా, యూకే, యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్, సింగపూర్, ఆస్ట్రేలియా, హాంకాంగ్ నంబర్లతోనే ఎన్నార్వో, ఎన్నార్‌ఈ ఖాతాలకు (ప్రవాసులు ఇండియాలో తెరిచే బ్యాంకు ఖాతాలు) యూపీఐ పెట్టుకునే వీలు 2023లో వచ్చింది. మీ బ్యాంకు ఇస్తోందో లేదో కనుక్కోండి. వాట్సాప్ పాత నంబరు మీదే నడుపుతుంటే ఇంకో మాట: ఇలాంటి యాప్‌లు ఆ నంబరు సిమ్ ఫోన్లో ఉంటేనే పనిచేసేలా చేయాలని 2025 నవంబరులో టెలికాం శాఖ ఆదేశాలిచ్చింది. సిమ్‌ను బీరువాలో పెట్టి వెళ్లడానికి లేదన్నమాట.

2. అమ్మానాన్నల ఫోన్లకు ఏ నెట్‌వర్క్?

ఇద్దరికీ ఒకే కంపెనీ సిమ్ తీసుకోవద్దు. ఒకరిది పడిపోయినా ఇంకొకరిది పనిచేయాలి. సిగ్నల్‌ను మేడ మీద కాదు, వాళ్లు పడుకునే గదిలో తలుపు వేసి చూడండి. ఇంటికొచ్చిన చుట్టాల ఫోన్లలో వేర్వేరు సిమ్‌లు ఉంటాయి, ఆ గది నుంచే ఒక్కో ఫోన్‌తో కాల్ చేసి మాట్లాడితే తేలిపోతుంది. ఆస్పత్రి పనికి వేలూరు వెళ్లొచ్చేవాళ్లు చిత్తూరు వైపు ఎక్కువ. పొలిమేర దాటితే తమిళనాడు టవర్లు అందుకుంటాయి కాబట్టి ఫోన్లో రోమింగ్ ఆన్‌లో ఉందో లేదో ఒకసారి చూసి పెట్టండి.

నెట్‌వర్క్ మార్చాలనుకుంటే నంబరు అదే ఉంచుకోవచ్చు. ఆ ఫోన్ నుంచి ఇంగ్లీషులో పోర్ట్ అని రాసి, ఖాళీ వదిలి, నంబరు రాసి 1900కి ఎస్సెమ్మెస్ పంపాలి. వచ్చే 8 అక్షరాల కోడ్ 4 రోజులు చెల్లుతుంది. దాన్నీ ఆధార్‌నూ పట్టుకుని కొత్త కంపెనీ దుకాణానికి వెళ్లాలి. ఇప్పటి కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి, సిమ్ మార్పించుకుని 7 రోజులు దాటి ఉండాలి. సిమ్ ఎవరి పేరున ఉందో వాళ్లే వెళ్లాలి కాబట్టి విదేశం నుంచి మీరు చేయగలిగింది ఏమీ లేదు. మీరున్నప్పుడే దగ్గరుండి చేయించండి.

3. ఇంటికి ఏ లైను?

ఆన్‌లైన్లో పిన్‌కోడ్ కొడితే "మీ ప్రాంతంలో అందుబాటులో ఉంది" అని వస్తుంది. దాన్ని నమ్మి డబ్బు కట్టేయకండి. మేడ మీద నుంచి వీధి కరెంటు స్తంభాన్ని ఫోటో తీసి పంపమని తమ్ముడికో పక్కింటి అబ్బాయికో చెప్పండి. స్తంభానికి కట్టిన చిన్న డబ్బాల మీద చాలాసార్లు కంపెనీల పేర్లు ఉంటాయి. మీ ఇంటికి దగ్గర్లో ఎవరి డబ్బా ఉందో వాళ్ల కనెక్షన్ తొందరగా వస్తుంది, తెగితే తొందరగా అతుకుతుంది.

తర్వాత ఆ వీధిలోనే మూడు ఇళ్లలో అడిగించండి. స్పీడు ఎంత అని కాదు. పోయినసారి లైను తెగినప్పుడు ఎన్నాళ్లకు వచ్చారు? వచ్చిన మనిషి నంబరు మీ దగ్గర ఉందా? రాత్రి ఏడు దాటాక టీవీలో వీడియో తిరుగుతూ ఆగిపోతుందా? మూడిళ్లలోనూ లైన్‌మ్యాన్ నంబరు ఉందంటే ఆ కనెక్షన్ గురించి ఇంక పెద్దగా ఆలోచించక్కర్లేదు. కస్టమర్ కేర్ నంబరు తప్ప ఇంకేం లేదంటే ఆలోచించాలి.

పెద్ద ప్రైవేటు కంపెనీల ఫైబర్ కాకుండా ఇంకో మూడు దారులున్నాయి. బీఎస్ఎన్ఎల్ ఫైబర్ చాలాచోట్ల స్థానిక భాగస్వాముల చేతుల్లో నడుస్తుంది, ఆ భాగస్వామి చురుకైనవాడైతే సేవ బాగుంటుంది. ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్ ఆపరేటర్ ద్వారా వస్తుంది. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఈ పథకంలో తీగను కరెంటు స్తంభాల మీదుగా లాగారు. భూమి తవ్వే పని లేక పల్లెలకు చవగ్గా చేరింది, గాలివానకు దెబ్బతినేదీ అందుకే. పాకాల, పుత్తూరు వైపు పల్లెల్లో మీ ఇల్లు ఉంటే ఊరి కేబుల్ ఆయన్ని ముందు కదిలించండి. ఇక 2023లో జియో, ఎయిర్‌టెల్ మొదలుపెట్టిన ఎయిర్‌ఫైబర్‌లో తీగ ఉండదు, మేడ మీద పెట్టిన పరికరం 5జీ సిగ్నల్ అందుకుని కిందికి పంపుతుంది. అద్దె ఇంటికి, ఫైబర్ రాని వీధికి ఇది మంచిదే. ఫైబర్ దొరికే చోట మాత్రం ఫైబరే తీసుకోండి. టవర్ మీద రద్దీ పెరిగితే ఎయిర్‌ఫైబర్ నెమ్మదిస్తుంది. అమ్మ ముఖం మీ స్క్రీన్ మీద ముక్కలు ముక్కలుగా కనిపించేది ఇంటివైపు అప్‌లోడ్ తక్కువైనప్పుడే.

ఇద్దరు పెద్దవాళ్లు, ఒక టీవీ, రోజూ ఒక వీడియో కాల్ ఉన్న ఇంటికి 30 నుంచి 50 ఎంబీపీఎస్ ధారాళంగా సరిపోతుంది. "ఇంకో రెండొందలు వేస్తే 200 ఎంబీపీఎస్ సార్" అంటారు, నెలనెలా మిగిలే ఆ రెండొందలతో కింద చెప్పిన చిన్న యూపీఎస్ కొనండి.

4. కనెక్షన్ పెట్టే రోజు

టెక్నీషియన్‌కు సులువైన చోటు వీధి గుమ్మం పక్కన గోడ. మీకు కావాల్సింది ఇంటి మధ్య చోటు. కాంక్రీటు గోడలు రెండు దాటితే వైఫై చాలా తగ్గిపోతుంది కాబట్టి, తీగ ఇంకో పది అడుగులు లోపలికి లాగించండి. అటక మీద, టీవీ వెనక పెట్టనివ్వకండి. రూటర్‌లో రెండు వైఫై పేర్లు కనిపిస్తే, 5 గిగాహెర్ట్జ్‌ది దగ్గరి టీవీకి, 2.4ది దూరపు గదుల్లో ఫోన్లకు పెట్టండి.

కరెంటు పోతే నెట్ పోకుండా రూటర్‌కు వాడే చిన్న డీసీ యూపీఎస్ దొరుకుతుంది. కొనే ముందు రూటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూడండి. చాలావాటికి 12 వోల్టులే, ఆంపియర్లు మాత్రం మారతాయి.

ఇంకొకటి, అన్నిటికంటే పనికొచ్చేది. ఫైబర్ డబ్బా మీద వరసగా చిన్న లైట్లుంటాయి. వాటిలో ఇంగ్లీషులో ఎల్‌ఓఎస్ అని రాసిన చోట ఎర్ర లైటు వెలిగితే బయట తీగ తెగినట్టో వంగినట్టో లెక్క. ఆ లైటు పక్కన ఒక చిన్న కాగితం అంటించి "ఇది ఎర్రగా వెలిగితే లైన్‌మ్యాన్‌కు ఫోన్ చేయాలి" అని తెలుగులో రాసి, నంబరు కూడా రాయండి. అప్పుడు మీ ఫోన్ సంభాషణ ఇలా ముగుస్తుంది:

"అమ్మా, ఆ డబ్బాలో ఎర్ర లైటు ఏమన్నా ఎలగతా ఉండాదా?"

"ఉండాది నాయనా, మిణుకు మిణుకుమంటా ఉండాది. అప్పుడే చెప్పినా ఆ అబ్బోడికి, మద్దేనం వస్తాడంట."

ఆ కాగితం లేకపోతే అదే మాట తేలడానికి అరగంట పడుతుంది, ఈలోగా ఎవరో ఒకరు రూటర్ వెనక రీసెట్ బటన్‌లో పిన్నీసు గుచ్చేస్తారు.

మొదటి వారంలోనే, మీరు రోజూ కాల్ చేసే సమయానికి స్పీడు పరీక్షించమనండి. డల్లాస్‌లో పొద్దున ఏడంటే తిరుపతిలో వేసవిలో సాయంత్రం ఐదున్నర, చలికాలంలో ఆరున్నర. వీధంతా నెట్ మీద పడే వేళకు దగ్గర. మధ్యాహ్నం పరీక్షలో వచ్చిన అంకె మీకు ఉపయోగపడదు. మీరు దుబాయ్‌లో ఉంటే అక్కడ వాట్సాప్ కాల్స్ నడవవు. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌ను వెళ్లే ముందే అమ్మ ఫోన్లో పెట్టి, ఒకసారి మాట్లాడించి వెళ్లండి.

5. డబ్బు, పేరు, నంబరు

ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ధరలు ఎక్కువగా జీఎస్టీ కలపకుండా ప్రకటిస్తారు. 499 రూపాయలని ఉంటే 18 శాతం పన్నుతో బిల్లు దాదాపు 589 అవుతుంది. మొబైల్ ప్రీపెయిడ్‌లో చూపించే ధరలో పన్ను కలిసే ఉంటుంది, కానీ అక్కడ చాలా ప్లాన్లలో నెల అంటే 28 రోజులు. అలాంటివాటికి ఏడాదికి 13 రీఛార్జులు పడతాయి. "అన్‌లిమిటెడ్" ఫైబర్ ప్లాన్లలోనూ నెలకు 3300 జీబీ లాంటి హద్దు ఉంటుంది. అమ్మానాన్నలకు అది దాటడం కలలో మాట.

ఏడాది ప్లాన్ చవక. కానీ మొదట నెలకో మూడు నెలలకో కట్టి, ఒక వానాకాలం చూశాక ఏడాదికి మారండి. ఈ వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా ఏరులయ్యాయో గుర్తుండే ఉంటుంది. లైను సత్తా తెలిసేది ఆ నెలల్లోనే.

కనెక్షన్ అమ్మానాన్నల పేరున, వాళ్ల ఆధార్‌తో తీసుకోండి. ఫోన్ నంబరు వాళ్లది ఇవ్వండి, లైన్‌మ్యాన్ ఫోన్ చేసేది ఆ నంబరుకే. ఈమెయిల్ మాత్రం మీది ఇవ్వండి, బిల్లులు మీకొస్తాయి. విదేశీ కార్డులను మన రీఛార్జ్ యాప్‌లు కొన్నిసార్లు తీసుకోవు కాబట్టి ఎన్నార్వో ఖాతా నుంచి కట్టే ఏర్పాటు ముందే చేసుకోండి.

6. ఫిర్యాదులు, మోసాలు

కస్టమర్ కేర్‌కు చెప్పినప్పుడు డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, అడిగి రాసుకోమనండి. పని జరగకపోతే అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్లొచ్చు, దానికి రుసుము లేదు. డాకెట్ నంబరు లేకుండా వెళ్తే వినేవాళ్లుండరు.

"మీ కేవైసీ అవలేదు, రెండు గంటల్లో సిమ్ ఆగిపోతుంది" అని ట్రాయ్ పేరుతో కాల్ వస్తే అది మోసమే, ట్రాయ్ అలా ఎవరికీ ఫోన్ చేయదు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. ఆ నంబరు కూడా రూటర్ మీది కాగితంలోనే రాసిపెట్టండి. టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో అమ్మ పేరున, నాన్న పేరున ఎన్ని సిమ్‌లున్నాయో చూడండి. ఒకరి పేరున మన రాష్ట్రంలో 9 దాకా ఉండొచ్చు, తెలియని నంబరు కనిపిస్తే అక్కడే నాది కాదని నమోదు చేయొచ్చు.

నాన్న తిరుమల వెళ్లిన రోజు గంటల తరబడి ఫోన్ ఎత్తకపోతే నెట్‌వర్క్‌ను తిట్టుకోకండి. గుడిలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, అది కౌంటర్లో ఉంటుంది.

ఎప్పుడైనా కనెక్షన్ మార్చేస్తే పాత రూటర్ వెనక్కి ఇచ్చినట్టు రసీదు తీసుకుని, ఫోటో తీసి మీకు పంపమనండి. ఆ ఫోటో లేకపోతే డబ్బా తిరిగి ఇవ్వలేదంటూ ఆరు నెలల తర్వాత వచ్చే ఫోన్లకు బదులు చెప్పడం కష్టం, డిపాజిట్ కూడా తిరిగి రాదు.