తెలుగు టైపింగులో చేతి శ్రమ తగ్గాలంటే: ఇన్‌స్క్రిప్టుకు మారే పద్ధతి

‘విశాఖపట్నం’ అనే మాటను ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిలో టైపు చేస్తే 13 మీటలు నొక్కాలి, వాటిలో 4 సార్లు షిఫ్టు పట్టుకోవాలి. భారతీయ భాషలకు ఉమ్మడిగా ఉన్న కీబోర్డు అమరిక ఇన్‌స్క్రిప్టులో అదే మాటకు 10 మీటలు, 2 షిఫ్టులు సరిపోతాయి. తెలుగు హల్లులో అకారం ఇమిడే ఉంటుంది కాబట్టి, దానికోసం ప్రతిసారీ వేరే మీట నొక్కవలసిన పని ఉండదు. విశాఖ ఎంవీపీ కాలనీలో ఇంటి దగ్గరే అనువాదాలు చేసుకునే నాకు సాయంత్రమయ్యేసరికి ఎడమ చిటికెన వేలు లాగేయడం మొదలైన తరువాతే ఈ లెక్క తట్టింది.

ఇన్‌స్క్రిప్టు 1991 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 13194లో చోటు చేసుకున్న అమరిక. గుణింతపు గుర్తులు ఎడమచేతి కింద, హల్లులు ఎక్కువగా కుడిచేతి కింద ఉంటాయి. మ, న, వ మాత్రం ఎడమవైపు కింది వరుసలో ఉన్నాయి. ‘తెలుగు’ అని కొట్టి చూడండి: ఎల్, జడ్, ఎన్, జి, ఐ, జి. కుడి, ఎడమ, కుడి, ఎడమ అంటూ చేతులు వంతులు వేసుకున్నట్లు పని సాగుతుంది. ఒక చేయి కొడుతుండగా మరొకటి తరువాతి మీట మీదికి చేరుకోవడమే ఇందులోని అసలైన సుఖం.

విండోస్‌లో సెట్టింగ్స్‌లోని టైమ్ అండ్ లాంగ్వేజ్ విభాగానికి వెళ్లి తెలుగు భాషను చేర్చుకుని, కీబోర్డుల్లో ‘ఫొనెటిక్’ అని లేని తెలుగును ఎంచుకోవాలి. భాష మార్చడానికి విండోస్ మీటతో స్పేస్ నొక్కితే చాలు. మీటల మీద స్టిక్కర్లు అంటించవద్దని నా సలహా. అవి ఉన్నంతకాలం మెడ వంగుతూనే ఉంటుంది. అమరిక పటాన్ని ముద్రించి తెర పక్కన పెట్టుకోండి.

మొదటి వారం పూర్తిగా నడిమి వరుసకే కేటాయించండి. ఎ, ఎస్, డి, ఎఫ్, జి మీటల మీద వరుసగా ో, ే, ్, ి, ు ఉంటాయి. హెచ్ నుంచి కుడివైపుకు ప, ర, క, త, చ, ట వస్తాయి. పేరు, కోతి, చేరు, పిట్ట, కత్తి వంటి మాటలన్నీ ఈ వరుసలోనే పుడతాయి. రోజుకు 20 నిమిషాలు, అదీ పొద్దున్నే సాధన చేయాలి. గడువున్న పనిని కొత్త అమరికతో మొదలుపెడితే విసుగెత్తి రెండో రోజే పాత పద్ధతికి వెళ్లిపోతారు. నేను అలాగే ఒకసారి వెనక్కి వెళ్లాను. రెండో వారం పై వరుస, ఆ తరువాత కింది వరుస, చివరగా షిఫ్టుతో వచ్చే అచ్చులు, ఖ, ఘ వంటి ఒత్తి పలికే అక్షరాలు నేర్చుకోవాలి.

ఈ అమరికలో నాకు నచ్చనిది ఒకటుంది. హ్రస్వమైన ె, ొ హిందీకి పెద్దగా అక్కరలేనివి కాబట్టి, ఉమ్మడి అమరికలో అవి మూలలకు చేరాయి. ‘కొత్త’ అనాలంటే చిటికెన వేలు 1 అంకె పక్కనున్న మీటదాకా సాగాలి. అలాంటప్పుడు వేలిని చాచకుండా చేతినే కాస్త జరపండి. అయితే ఆ ఉమ్మడితనం వల్లనే మన ఊళ్లోని కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో హిందీ కూడా టైపు చేయవలసినవారికి మేలు జరుగుతుంది: తెలుగు క ఉన్న మీట మీదే హిందీ క కూడా ఉంటుంది.

ఇంగ్లీషు అమరికను ఇది నేర్చుకునే నెలలో కదిలించకండి. పాస్‌వర్డు కొట్టే ముందు మాత్రం టాస్క్‌బారు చివర ఏ భాష ఉందో ఒకసారి చూసుకోండి.