గరువు (మెట్ట) పొలంలో గట్లు ఎలా వేసుకోవాలి? (ముందు నీళ్ళు ఎటెల్తాయో చూసుకోండి)

మా పొలం గజపతినగరం దగ్గర, రెండున్నర ఎకరాల గరువు, పైన రాళ్ళ దిబ్బ, కింద గెడ్డ (చిన్న వాగు), ఆ గెడ్డ పోయి చంపావతి నదిలో కలుస్తుంది. అంతా ఎర్రమట్టి. మా బాబు (నాన్న) చోళ్ళు (రాగులు), నువ్వులు, వేరుశనగ వేసేవాడు, నేను మొక్కజొన్న వేస్తున్నా, పై భాగంలో కొన్ని మామిడి మొక్కలు పెట్టా. గట్టి వాన పడిన ప్రతిసారీ గెడ్డ ఎర్రగా టీ రంగులో పారేది, అబ్బ గెడ్డ నిండిందిరా అని సంబరపడి ఫోన్లో వీడియోలు కూడా తీసేవాడిని, ఆ ఎరుపు మా పొలంలో మట్టే అని చాలా ఏళ్ళు తట్టలేదు నాకు.

మన విజయనగరం, శ్రీకాకుళం వైపు ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైనే వాన పడుతుంది, అంటే మనది వాన లేని సీమ కాదు. అయినా సంక్రాంతి దాటితే గరువుల్లో బోర్లు గాలి కొడతాయి. లెక్క చూడండి, ఎకరం మీద ఒక్క సెంటీమీటర్ వాన పడితే దగ్గర దగ్గర 40 వేల లీటర్లు, 5 వేల లీటర్ల ట్యాంకర్లయితే ఎనిమిది. ఒక రాత్రి 10 సెంటీమీటర్లు కొట్టిందంటే ఎకరానికి 80 ట్యాంకర్లు. అందులో ఎంత ఇంకింది, ఎంత పోయింది, పోతూ ఏం పట్టుకుపోయింది అన్నదే అసలు సంగతి.

నేను చేసిన తప్పు ముందు చెప్తాను, మీరు చెయ్యకుండా ఉంటారని. 2021 ఎండాకాలంలో జేసీబీ పెట్టించి పొలం అడుగున ఈ చివర నుంచి ఆ చివరకి ఛాతీ ఎత్తున గట్టు వేయించేశా, చుక్క నీరు బయటికి పోకూడదని. కింద పొలం మావ వచ్చి చూసి "గట్టు బానే ఉంది గానీ అల్లుడా, నీళ్ళెటెల్తాయిరా?" అన్నాడు. ఎక్కడికీ వెళ్ళవు మావా, అందుకే కదా వేసింది అన్నా. సెప్టెంబర్ 26న గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది, రాత్రంతా వాన, పొద్దున్న వెళ్ళి చూస్తే గట్టు మధ్యలో తెగిపోయి మావ వరి మడిలో మోకాలి లోతు ఇసుక మేట. ఆయన తిట్టలేదు, అదే ఇంకా బాధ. ఇసుక ఎత్తించిన కూలి నేనే ఇచ్చుకున్నా.

ఏటంటే, పుస్తకాల్లో కనిపించే సమతల గట్లు, అంటే వాలుకి అడ్డంగా ఒకే లెవెల్లో వేసేవి, వాన తక్కువ పడే చోట్లకి పనికొస్తాయి. మన దగ్గర తుఫాను వాన ఆగదు. అందుకని మన గట్టుకి ఒక పక్కకి కొంచెం వాటం ఇవ్వాలి, ఆ చివర నీళ్ళు దిగడానికి అలుగు ఉండాలి. నీళ్ళని నిలబెట్టెయ్యడం కాదు, పరిగెత్తేవాటిని నడిపించడం. నడిస్తే మట్టి కింద దిగుతుంది, దారిలో కొన్ని నీళ్ళు ఇంకుతాయి, మిగిలినవి తేటగా బయటికి పోతాయి.

మొదటి పని, వానలో పొలం చూడటం. గొడుగు పట్టుకుని గట్టి వానలో ఒక అరగంట తిరగండి. పై పొలం నుంచి నీళ్ళు ఎక్కడ లోపలికి వస్తున్నాయి, ఎక్కడ కోస్తున్నాయి, ఎక్కడ బయటపడుతున్నాయి అని మూడు చోట్లా పుల్లలు పాతండి. నీళ్ళు తమంతట తాము వెళ్ళే పల్లపు దారి ఒకటి ఉంటుంది, మా పొలానికి పడమటి అంచున ఉంది, దాన్ని పూడ్చకండి, రేపు మీ అలుగులన్నీ అందులోకే దింపాలి.

తర్వాత వాలు కొలవడం. దీనికి ఇంజనీరు అక్కర్లేదు, తాపీమేస్త్రి దగ్గరుండే లెవెల్ పైపు చాలు. లోపలి నీళ్ళు బయటికి కనిపించే 12 మీటర్ల పైపు, రెండు నిటారు కర్రలు, ఒక్కో కర్రకి దర్జీ టేపు అంటించండి, సున్నా నేలవైపు ఉండాలి, పైపు చివర్లు కర్రలకి కట్టండి. నీళ్ళు నింపేటప్పుడు ఒక చివర నుంచే మెల్లగా నింపండి, లోపల ఒక్క గాలి బుడగ ఉన్నా లెక్కంతా తప్పుతుంది, నేను మొదటి రోజు పొద్దున్నంతా బుడగతోనే కొలిచి మొత్తం చెరిపేసుకున్నా. కొలిచే ముందు రెండు కర్రలూ పక్కపక్కన పెట్టి రెండింట్లో నీళ్ళు ఒకే అంకె దగ్గర ఉన్నాయో లేదో చూసుకోండి. ఇప్పుడు ఒక కర్ర పైన, ఇంకోటి నేరుగా వాలు దిగి 10 మీటర్ల దూరంలో పెట్టండి. కింద కర్రలో అంకె 30 సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తే మీ వాలు 3 శాతం. కర్ర జరిపేటప్పుడు పైపు మూతులు వేలితో మూసి పెట్టుకోవాలి, లేదంటే నీళ్ళు ఒలికిపోతాయి. ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు కొంచెం ఓపికున్నవాళ్ళయితే మంచిది, నేను మా ఆవిడని పట్టుకెళ్ళా.

గట్టుకీ గట్టుకీ ఎంత దూరం అంటే, 2 శాతం వాలుకి 40 మీటర్లు, 3 శాతానికి 30 మీటర్లు సుమారుగా. మాది 3 శాతం, పొలం పొడవు వంద మీటర్లు, మూడు గట్లు సరిపోయాయి. ఛాతీ ఎత్తు గట్టు ఒక్కటి బదులు మోకాలు దాటిన గట్లు మూడు, ఖర్చు కూడా పెద్ద తేడా రాలేదు.

పని ఎప్పుడూ పై నుంచి మొదలుపెట్టాలి. పై పొలం నీళ్ళు మీ మీదకి దూకుతుంటే ముందు పై అంచున ఒక కాలవ తీసి వాటిని పక్క పల్లపు దారిలోకి మళ్ళించండి, అది చెయ్యకుండా కింద ఎన్ని గట్లు వేసినా దండగే. మళ్ళించేటప్పుడు పక్కవాడి పొలంలోకి కాదు, మాట్లాడుకుని చెయ్యండి, మన ఊళ్ళల్లో సగం గట్టు తగాదాలు ఇక్కడే పుడతాయి.

గీత గియ్యడం. అదే లెవెల్ పైపుతో ఈసారి వాలుకి అడ్డంగా నడవాలి. అలుగు ఉండే వైపుకి ప్రతి 10 మీటర్లకి రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే కిందకి దిగేలా చోటు వెతికి పుల్ల పాతుకుంటూ వెళ్ళండి. అంతకంటే వాటం ఎక్కువిస్తే గట్టు పక్కన కొత్త గెడ్డ తయారవుతుంది. అన్నీ అయ్యాక పుల్లలు వంకర టింకరగా కనిపిస్తాయి, మరీ మొండిగా ఉన్న ఒకటి రెండు సర్ది ముగ్గు పోసెయ్యండి. గీత తిన్నగా రాలేదని ట్రాక్టర్ డ్రైవర్ గొణుగుతాడు, గొణగనివ్వండి.

గట్టు పోసే ముందు ఆ గీత మీద గడ్డి, వేర్లు గీకేసి నేలని ఒకసారి దున్నండి, కొత్త మట్టి పాత నేలని పట్టుకుంటుంది. గడ్డి మీదే పోస్తే అడుగు నుంచి నీరు ఊరి జారిపోతాది. మట్టి ఎగువ వైపు నుంచే తియ్యాలి, గట్టు కాలికీ గుంతకీ మధ్య ఒక అడుగు నేల వదిలెయ్యండి. జానెడు మందాన మట్టి పోసి తొక్కించడం, మళ్ళీ పోసి తొక్కించడం, ఒక్కసారి కుప్పేస్తే మొదటి వానకే కుంగుతుంది. ఎత్తు రెండడుగులు, తల వెడల్పు అడుగున్నర, కింద వెడల్పు అయిదున్నర అడుగులు ఉంటే రెండు పక్కలా వాలు చక్కగా వస్తుంది. కుంగుతుందని లెక్కేసి మూడంగుళాలు ఎక్కువ పొయ్యండి. ఇదంతా రోహిణి కార్తె లోపు అయిపోవాలి, తొలకరి పడ్డాక బురదలో చెయ్యలేం.

అలుగు మీద కక్కుర్తి పడొద్దు. గట్టు చివర అయిదు అడుగుల వెడల్పు ఖాళీ, అక్కడ కొత్తగా పోసిన మట్టి ఉండకూడదు, తవ్వని గట్టి నేల మీదే రాళ్ళు పేర్చాలి. రాళ్ళ తల నేలకి అర అడుగు పైన ఉంటే చాలు, ఆ అర అడుగులో మట్టి దిగిపోతుంది. నీళ్ళు దూకే కింది వైపు ఇంకో మీటరు దూరం రాళ్ళు పరవండి, లేదంటే నీళ్ళు అక్కడ గొయ్యి తీసి వెనక్కి కోసుకుంటూ అలుగునే లాగేస్తాయి.

గట్టు మీద ఏదో ఒకటి మొలవాలి. వట్టివేరు పిలకలు జానెడు దూరంలో నాటాను, పశువులు దాని జోలికి పెద్దగా పోవు. మీకు గేదెలుంటే స్టైలో గడ్డి విత్తనం చల్లండి, మేతా అవుతుంది. గట్టు తల మీద కందులు వేస్తే ఇంటికి పప్పు. మొక్క దొరక్కపోతే ఆమదాలవలస లేదా రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి చూడండి. మొదటి ఏడాది మాత్రం గట్టు మీదకి పశువుల్ని ఎక్కనివ్వొద్దు, గడ్డి కోసి తెచ్చి వెయ్యండి, మేకలు అయితే మరీ, వేరుతో సహా పీకేస్తాయి. గొర్రెల మంద కట్టించుకోవాలంటే కోతలయ్యాక గట్ల మధ్య ఖాళీలో కట్టించండి, ఎర్రమట్టికి ఆ ఎరువు బంగారం.

గట్ల మధ్యలో పని చాలామంది వదిలేస్తారు. దున్నడం, విత్తడం రెండూ వాలుకి అడ్డంగా, గట్టు వెంబడే చెయ్యాలి. ప్రతి ఎనిమిది సాళ్ళకి ఒక గొడ్డు చాలు (విత్తనం వెయ్యని సాలు) తీసి ఖాళీగా ఉంచండి, వాన నీళ్ళు అందులో నిలిచి ఇంకుతాయి. మొక్కజొన్న చొప్ప తగలబెట్టకండి, సాళ్ళ మధ్య పరిచెయ్యండి. మామిడి, జీడి తోటలకయితే చెట్టు చుట్టూ గుండ్రటి పాదు కాదు, కింది వైపు మాత్రమే అర్ధచంద్రాకారంలో కట్ట వెయ్యాలి, నోరు ఎగువకి తెరిచి ఉండాలి, పలాస వైపు వాలు జీడి తోటలకి ఇది బాగా పనికొస్తుంది.

ఇప్పటికే గండి పడి ఉంటే అందులో అడ్డంగా రాతి కట్టలు వేసుకుంటూ రండి, కింది కట్ట తల పై కట్ట కాలికి సమానంగా ఉండేలా. మధ్యలో కొంచెం పల్లంగా పేర్చండి, అంచులు ఎత్తు, అప్పుడు నీళ్ళు మధ్యలోంచే పోతాయి. రాళ్ళు లేకపోతే ఇసుక బస్తాలు ఒక సీజన్ ఆగుతాయి.

నీటి కుంట ఆఖర్న. 10 మీటర్లు ఇంటూ 10 మీటర్లు, రెండు మీటర్ల లోతు, నాలుగు పక్కలా ఏటవాలుగా తవ్వితే అడుగు 6 మీటర్లు ఇంటూ 6 మీటర్లు వస్తుంది, దగ్గర దగ్గర లక్షా 30 వేల లీటర్లు పడతాయి. ఎర్రమట్టిలో నీళ్ళు నిలవవు అని కొందరు వద్దంటారు, నిజమే నిలవవు, కానీ అవి బోరు వైపుకే కదా దిగేది. నీళ్ళు లోపలికొచ్చే చోట ముందు చిన్న గుంత తియ్యండి, మట్టి అందులో ఆగుతుంది, అది ఏటా ఎత్తి పొలంలో వేసుకోవచ్చు. పిల్లలు తిరిగే చోటయితే కంచె తప్పనిసరి. చిన్న రైతులు గట్లు, కుంటలు ప్రభుత్వ ఉపాధి పనుల్లో చేయించుకోవడానికి వీలుందేమో పంచాయతీలో ముందే అడగండి, మే నెలలో పరిగెడితే అవ్వదు.

తొలి గట్టి వాన తెరిపిచ్చిన వెంటనే పార పట్టుకుని గట్టంతా నడవండి. కుంగిన చోట మట్టి, ఎలక బొరియ కనిపిస్తే లోపలిదాకా తవ్వి మట్టి కూరి తొక్కడం, పైపైన మూస్తే లాభం లేదు, మా మూడో గట్టు అలాగే ఒకసారి పైకి బానే కనిపిస్తూ లోపల సొరంగం అయిపోయింది. ఈమధ్య వానకి రెండో గట్టు అలుగు దగ్గర రెండు రాళ్ళు జారాయి, దసరాలోపు సర్దాలి, మావ కూడా వస్తానన్నాడు, ఆయనకీ ఒక గట్టు గీత గియ్యాలంట, లెవెల్ పైపు పట్టుకురమ్మన్నాడు.