గ్రహణం మొర్రి ఉన్న పిల్లల పళ్ళు పుచ్చిపోకుండా ఎలా చూసుకోవాలి?

పెదవి చీలికతోనో అంగిలి చీలికతోనో పుట్టిన బిడ్డకు ఆపరేషన్ అయి, పాలు సరిగా తాగడం మొదలయ్యాక ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. సరిగ్గా అప్పుడే వస్తున్న పాలపళ్ళను మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఈ పిల్లల పళ్ళు పుచ్చే ముప్పు తోటి పిల్లల కంటే ఎక్కువ. చీలిక పక్కన వచ్చే పన్ను తరచుగా వంకర తిరిగి ఉంటుంది, దాని ఎనామిల్ (పన్ను గట్టి పైపొర) బలహీనంగా ఉండవచ్చు, కుట్లు మానిన పెదవి బిగుతుగా ఉండడంతో బ్రష్ అక్కడికి సులువుగా అందదు. వీటికి తోడు, కుట్లు ఎక్కడ విడిపోతాయోనన్న భయంతో తల్లి ఆ చోటును ముట్టుకోనే ముట్టుకోదు. పూర్తిగా మానిన గాయం మెత్తని బ్రష్‌కు విడిపోదు. ఆ భయం పోతే సగం పని అయినట్టే.

గ్రహణం నాడు కత్తిపీట పట్టినందుకే బిడ్డకు మొర్రి వచ్చిందని మన ఊళ్ళలో ఇప్పటికీ తల్లిని నిందించేవారున్నారు. అది నిజం కాదు. గర్భంలో తొలి మూడు నెలల్లో పెదవి, అంగిలి భాగాలు పూర్తిగా కలుసుకోకపోవడం వల్ల ఈ చీలిక ఏర్పడుతుంది. తప్పు చేశానన్న దిగులులో ఉన్న తల్లికి బిడ్డ నోరు తెరిచి చూడడమే కష్టమవుతుంది కాబట్టి, ఈ మాట ఇంట్లో పెద్దలందరికీ చెప్పాలి.

ఇక పని విషయానికి వస్తే, పళ్ళు రాకముందు నుంచే పాలు పట్టిన ప్రతిసారీ శుభ్రమైన తడిగుడ్డను వేలికి చుట్టి చిగుళ్ళను మెల్లగా తుడవండి. చీలికను మూసేందుకు అంగిలికి ప్లేటు పెట్టి ఉంటే, పాలు పట్టాక దాన్ని తీసి కడిగి, డాక్టరు చెప్పిన విధంగా తిరిగి పెట్టాలి. ఆపరేషన్ తర్వాత నోటిని ఎప్పటి నుంచి తోమవచ్చో సర్జన్‌నే అడగండి, ఆ లోపు సొంతంగా మొదలుపెట్టవద్దు.

మొదటి పన్ను కనబడగానే బ్రష్ పట్టాలి. పొద్దున అరుగు మీద వెలుతురులో కూర్చుని, బిడ్డ తలను మీ ఒడిలో వెల్లకిలా ఆనించుకోండి. ఎడమ చూపుడు వేలితో పై పెదవిని నెమ్మదిగా పైకి ఎత్తి, చిన్న తల ఉన్న మెత్తని బ్రష్‌ను చీలిక పక్క పన్ను దగ్గరకు ముందుగా తీసుకెళ్ళండి. పన్ను పక్కకు తిరిగి ఉంటే బ్రష్‌ను నిలువుగా పట్టుకొని, ముందు వైపు, వెనుక వైపు విడివిడిగా తోమాలి. మిగిలిన పళ్ళు ఆ తర్వాత. మూడేళ్ళ లోపు బిడ్డకు బియ్యపు గింజంత, ఆ పైన ఆరేళ్ళ వరకు బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. తెలంగాణలో కొన్ని ఊళ్ళ బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి, మీరు తాగే నీరు ఏదో దంత వైద్యునికి చెప్పి పేస్టు సంగతి అడగండి. ఏడెనిమిదేళ్ళ వరకు రోజుకు రెండు పూటలా పెద్దలే తోమాలి. రాత్రి తోమిన తర్వాత నీళ్ళు తప్ప మరేమీ ఇవ్వకూడదు.

పెదవి ఎత్తినప్పుడు చిగురు అంచున సుద్దముక్కతో గీసినట్టు తెల్లని గీత కనబడుతుందేమో చూడండి. పుచ్చు మొదలయ్యే తీరు అదే. ఈ దశలో ఫ్లోరైడ్ వార్నిష్ పూయిస్తే అది ఆగిపోయే అవకాశం ఉంటుంది. గోధుమరంగు గుంట పడ్డాక మాత్రం పన్నుకు చికిత్స చేయించక తప్పదు.

తిండి విషయంలో తీపి ఎంత తిన్నారన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నారన్నది ఎక్కువ హాని చేస్తుంది. సద్దుల బతుకమ్మ నాడు అన్నంతో పాటు తిన్న మలీద ముద్ద కంటే, రోజుకు నాలుగుసార్లు చాయ్‌లో ముంచి తినిపించే బిస్కెట్టే పళ్ళకు పెద్ద శత్రువు. పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చవద్దు. అంగిలి చీలిక ఉన్న పిల్లలకు చెవి ఇన్ఫెక్షన్లు ఎక్కువ కాబట్టి తియ్యని సిరప్‌లు తరచుగా వాడాల్సి వస్తుంది. తాగించిన వెంటనే నోరు తుడవండి.

"పాలపళ్ళే కదా, ఊడిపోతాయి" అని ఊరుకోవద్దు. సాధారణంగా ఎనిమిది నుంచి పదకొండేళ్ళ మధ్య చిగురు చీలికలో ఎముక అమర్చే ఆపరేషన్ చేస్తారు. అప్పటికి ఆ పక్క పళ్ళు పుచ్చి, చీము పట్టి ఉంటే ముందు వాటిని బాగుచేయాలి, ఎముక ఆపరేషన్ వెనక్కి పోతుంది. అందుకే మొదటి పుట్టినరోజు లోపు దంత వైద్యునికి చూపించి, ఆ తర్వాత మూడు నుంచి ఆరు నెలలకోసారి తీసుకెళ్ళండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. మొర్రి, పుచ్చుపళ్ళు రెండూ వారి జాబితాలో ఉన్నాయి. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వచ్చేవారు ఆపరేషన్ చీటీలన్నీ ఒకే కవరులో పెట్టుకొని రండి. ఏ ఆపరేషన్ ఎప్పుడు జరిగిందో తెలిస్తేనే దంత వైద్యుడు తర్వాతి పనిని సరిగా నిర్ణయించగలుగుతాడు.